మబ్బు కనబడక ముందే
(జుమా ప్రసంగ పాఠం – జంగారెడ్డిగూడెం)

మొదటి ఖుత్బా

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆకాశం నుంచి నీటిని దించేవాడు, ఆ నీటికి కొలతను నిర్ణయించినవాడు, భూమిని మనకు నివాసంగా చేసినవాడు ఆయనే. ఆయననే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బఅద్.

ధార్మిక సోదరులారా!

ఆకాశంలో నల్లని మబ్బు గాని, బలమైన గాలి గాని కనబడినప్పుడు దైవప్రవక్త (సఅసం) ముఖంలో ఆందోళన కనిపించేదని విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆయన లోపలికి వెళ్ళేవారు, బయటికి వచ్చేవారు, వాన కురిశాక గాని స్థిమితపడేవారు కారు. జనమంతా మబ్బును చూసి వాన వస్తుందని సంతోషిస్తూ ఉంటే తమరు మాత్రం ఎందుకు కలత చెందుతారని ఆమె అడిగారు. అందులో శిక్ష లేదనే భరోసా తనకేమిటని ఆయన బదులిచ్చి, ఆద్ జాతిని గుర్తు చేశారు. ఆ జాతి వారు తమ లోయల వైపు వస్తున్న మబ్బును కళ్ళారా చూశారు. చూసి, అది తమకు వాన తెచ్చే మబ్బేనని మురిసిపోయారు. వాళ్ళ చూపులో లోపం లేదు. చూసినదానిని తమ మనసుకు నచ్చిన విధంగా అర్థం చేసుకోవడంలోనే లోపమంతా ఉంది.

ఈ రోజు మనం ఆలోచించవలసింది ఈ లోపం గురించే. వరద, తుఫాను, భూకంపం, అగ్నిప్రమాదం అనే మాటలు విన్నప్పుడు మన మనసు వెంటనే ఇచ్చే జవాబు ఒకటుంది: “మాకు రాదు లెండి.” ఈ జవాబును మనం తవక్కుల్ అని పిలుచుకుంటున్నాము. అది నిజంగా తవక్కులేనా?

సోదరులారా! మన జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతం. గోదావరి పొంగినా మన వీధుల్లోకి రాదు. డెల్టాలోని బంధువులు ఫోను చేసి వరద సంగతి చెబితే, మనం సానుభూతి తెలిపి ఊరుకుంటాము. అల్లాహ్ అనుగ్రహం వల్ల ఇది కొంతవరకు నిజమే. కాని మన చుట్టుపక్కల ఇటీవల ఏం జరిగిందో ఒకసారి స్మరించండి.

2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగుల వద్దే జారీ అవుతుంది. నీరు దానికి పద్దెనిమిది అడుగుల పైన నిలిచిందన్నమాట. మన జిల్లాలోని కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో గ్రామాలకు గ్రామాలే మునిగిపోయాయి. ఆ తరువాత రెండేళ్ళకు, 2024 జూలై 18న, మన పొరుగున అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి వద్ద పెదవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. దిగువన ఉన్న వేలేరుపాడు మండలంలో ఇళ్ళూ, పశువులూ, పంటలూ కొట్టుకుపోయాయి. గోదావరి వైపు కళ్ళప్పగించి కూర్చున్న ఆ ప్రజలకు ఆపద గోదావరి నుంచి రాలేదు. ఏనాడూ భయపడని ఒక వాగు నుంచి వచ్చింది.

మన ఎర్రకాలువను చూడండి. కొంగువారిగూడెం జలాశయం దగ్గర అది మనకు ఆహ్లాదాన్నిస్తుంది. అదే ఎర్రకాలువ పొంగితే దిగువన తాడేపల్లిగూడెం, నిడదవోలు ప్రాంతాల పొలాలను ముంచెత్తుతుంది. భూకంపాలు మన వైపు లేవనుకుంటాము. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి తెలుగు నేల మీద ఎన్నో ఊళ్ళలో జనం ఇళ్ళలో నుంచి బయటికి పరుగెత్తారు. ఇక తుఫానుల సంగతి మీకు చెప్పనక్కరలేదు. 1977 నవంబర్ 19న దివిసీమనూ, 1996 నవంబర్ 6న కోనసీమనూ చూసినవారు నేటికీ మన మధ్య ఉన్నారు.

ఇన్ని చూసిన తరువాత కూడా మన మనసు “మాకు రాదు” అని ఎందుకు అంటుంది? మనల్ని మోసగించే కొలతలు మూడు ఉన్నాయి.

మొదటిది జ్ఞాపకమనే కొలత. గోదావరి తీరాన ఎవరిని కదిపినా ‘86 వరద’ అంటారు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీరు 75.6 అడుగులకు చేరింది. ఆ తరువాత ప్రతి వరదనూ జనం ఆ గీతతోనే కొలుస్తూ వచ్చారు. ‘86లోనే మా గుమ్మం తాకలేదు, ఇప్పుడేం తాకుతుంది?’ అన్నది ఒక వాదనగా నిలిచిపోయింది. అయితే 86 నాటికి ఉన్న ఇళ్ళెన్ని, నేడు ఉన్న ఇళ్ళెన్ని? ఆనాడు వాగు పారిన చోట నేడు ప్లాట్లు వెలిశాయి. ఆనాడు నీరు ఇంకిపోయిన చెరువు నేడు వీధి అయింది. మన జ్ఞాపకం మారకపోయినా నేల మారిపోయింది. నీరు మన జ్ఞాపకాన్ని అనుసరించి ప్రవహించదు, పల్లాన్ని అనుసరించి ప్రవహిస్తుంది.

రెండవది లెక్కలనే కొలత. “ఇది నూరేళ్ళకోసారి వచ్చే వరద” అని అధికారులు ప్రకటించగానే, ‘అయితే మన జీవితకాలంలో మళ్ళీ రాదు’ అని ఊపిరి పీల్చుకుంటాము. ఆ మాటకు అర్థం అది కాదు. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద అని అర్థం. నిరుడు వచ్చినంత మాత్రాన ఈ ఏడాది అవకాశం తగ్గదు. బ్యాంకు అప్పు తీసుకుని ఇల్లు కట్టిన మనిషి ముప్పయి ఏళ్ళు ఆ ఇంట్లో ఉన్నాడనుకోండి. ఆ ముప్పయి ఏళ్ళలో కనీసం ఒకసారి అటువంటి వరదను చూసే అవకాశం నూటికి దాదాపు ఇరవై ఆరు. అంటే నాలుగిళ్ళకు ఒక ఇల్లు. నూటికి ఒకటి అంటే నిర్లక్ష్యం చేస్తాము, నాలుగింట ఒకటి అంటే ఉలిక్కిపడతాము. చెప్పిన తీరు మారిందే తప్ప ప్రమాదం ఒకటే.

మూడవది ప్రభుత్వ సహాయమనే కొలత. “ఏమైనా అయితే ప్రభుత్వం ఇస్తుంది కదా!” అంటాము. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, ఆ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ప్రభుత్వం మునిగిన ఇళ్ళలో నేల అంతస్తు వారికి 25,000 రూపాయలు ప్రకటించింది. ఇచ్చినందుకు కృతజ్ఞత చూపవలసిందే. కాని ఒక కుట్టుపనివాడి రెండు మిషన్లు, ఒక ఫ్రిజ్, మంచాలు, పరుపులు, పిల్లల పుస్తకాలు, నెల సరుకులు లెక్కవేయండి. ఆ 25,000 ఎక్కడి దాకా వస్తుంది? సహాయం వేరు, నష్టపరిహారం వేరు. సహాయం ఆకలి తీరుస్తుంది, ఇల్లు నిలబెట్టదు.

ఈ మూడు కొలతలూ లోకంలో అందరినీ మోసగించేవే. అమెరికాలో వరదలకు ప్రభుత్వ బీమా పథకం 1968 నుంచి ఉంది. అక్కడ వరద వచ్చిన వెంటనే జనం బీమా తీసుకుంటారు. రెండు నుంచి నాలుగేళ్ళు నీరు రాకపోతే ఎక్కువమంది మానేస్తారని పరిశోధకులు గమనించారు. కట్టిన సొమ్ము వృథా అయిందని వారి భావన. ఇల్లు మునగలేదని సంతోషించవలసిన మనిషి, డబ్బు తిరిగి రాలేదని బాధపడుతున్నాడు!

సోదరులారా! విశ్వాసులమైన మనకు మాత్రం వీటికి తోడు నాలుగవ సాకు ఒకటుంది. అది అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే అది ధర్మం దుస్తులు ధరించి వస్తుంది. “అంతా తఖ్‌దీర్. రాసి ఉన్నది జరుగుతుంది. జాగ్రత్తలు పడటం ఈమాన్ బలహీనత” అనే మాట అది.

ఒక మనిషి దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి, ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, విడిచిపెట్టి భారం వేయాలా అని అడిగాడు. ముందు కట్టి, ఆ తరువాత భారం వేయమని ఆయన ఆదేశించారు. ఈ హదీసు మనందరికీ కంఠస్థమే. కాని దానిని ఒంటెకే పరిమితం చేశాము. మన ఇంటికి తాడు ఏది?

హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) ఓడను నీరు వచ్చిన తరువాత కట్టలేదు. పొడి నేల మీద, జనం ఎగతాళి చేస్తుండగా కట్టారు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఏడేళ్ళ కరువు కోసం ఏడేళ్ళ పచ్చని కాలంలోనే ధాన్యాన్ని వెన్నులలోనే ఉంచి భద్రపరచమన్నారు. ఆ కరువు కూడా అల్లాహ్ నిర్ణయమే. ఆ ధాన్యాగారమూ అల్లాహ్ నిర్ణయమే. మదీనాపైకి సేనలు రాకముందే కందకం తవ్వారు. ఉహుద్ నాడు దైవప్రవక్త (సఅసం) ఒకదానిపై ఒకటి రెండు కవచాలు ధరించారు. ఆయనకంటే ఎక్కువ తవక్కుల్ గల మనిషి ఈ భూమ్మీద నడిచాడా?

సిరియా మార్గంలో సర్గ్ అనే చోట హజ్రత్ ఉమర్ (రజి)కి ముందున్న ప్రాంతంలో మహమ్మారి వ్యాపించిందన్న వార్త అందింది. ఆయన సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. తాను అల్లాహ్ విధిలో ఒకదాని నుంచి ఆయన విధిలోని మరొకదాని వైపే వెళుతున్నానని ఖలీఫా బదులిచ్చి, ఒక ఉపమానం చెప్పారు. ఒక లోయకు ఒకవైపు పచ్చిక, మరొకవైపు బీడు ఉంటే, ఒంటెల కాపరి పచ్చిక వైపు తోలినా, బీడు వైపు తోలినా అల్లాహ్ విధి ప్రకారమే తోలినట్లు కదా అని. సోదరులారా! కాపరికి రెండు వైపులూ తెలుసు. తెలిసీ బీడు వైపు తోలితే ఆ దోషం విధిది కాదు.

ఇంటి విషయంలో కూడా మనకు నిర్దిష్టమైన బోధనలు ఉన్నాయి. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయింది. ఆ వార్త విన్న దైవప్రవక్త (సఅసం) నిప్పు మనకు శత్రువని, నిద్రపోయే ముందు దానిని ఆర్పివేయమని చెప్పారు. పిట్టగోడ లేని మేడ మీద నిద్రించేవాడి విషయంలో ఇక ఎవరికీ బాధ్యత లేదని మరొక సందర్భంలో హెచ్చరించారు. గమనించండి: పిట్టగోడ కట్టకుండా పడుకోవడాన్ని ఆయన తవక్కుల్ అని మెచ్చుకోలేదు. ఇల్లు అమానత్. దాని కింద నిద్రించే భార్యాబిడ్డలు, వృద్ధ తల్లిదండ్రులు అంతకంటే పెద్ద అమానత్.

ఇంకొక మాట. విపత్తులో నష్టపోయిన వారిని చూసి, వారి పాపాలకు ఇది శిక్ష అని తీర్పు చెప్పే అలవాటు మనలో కొందరికి ఉంది. నీట మునిగి మరణించిన విశ్వాసికీ, గోడ కూలి మరణించిన విశ్వాసికీ షహీదు స్థానం ఉందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. వారికి ఆయన ఇచ్చిన గౌరవాన్ని మనం తీసివేయవద్దు. మబ్బును చూసి మన గురించి భయపడాలి, పొరుగువారి గురించి కాదు.

ఇప్పుడు బీమా సంగతికి వద్దాము. ఈ మాట ఎత్తగానే రెండు ప్రశ్నలు వస్తాయి. ధర్మం అనుమతిస్తుందా? చేయిస్తే ఏమిటి ప్రయోజనం?

మొదటి ప్రశ్నకు ఈ మింబర్ మీద నుంచి ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు. విద్వాంసులు చెప్పినదాన్ని దాచకుండా మీ ముందు ఉంచడం నా బాధ్యత. వ్యాపార బీమాలో వడ్డీ, అనిశ్చితి, జూదపు ఛాయ ఉన్నాయన్నది అత్యధిక ధర్మవేత్తల అభిప్రాయం. 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఈ నిర్ణయాన్నే ప్రకటించి, పరస్పర సహకార బీమాను ప్రత్యామ్నాయంగా సూచించింది. దానినే తకాఫుల్ అంటారు. సూడాన్‌లో 1979లో, మలేసియాలో 1984 నాటి చట్టంతో అది ఆరంభమైంది. మన దేశంలో అటువంటి సంస్థ లేదు. ఈ పరిస్థితిలో మన విద్వాంసులు మరొక కోణం నుంచి ఆలోచించారు. మూలంలో బీమా సమ్మతం కాకపోయినా, కల్లోలాలలో ముస్లింల ప్రాణాలూ ఆస్తులూ నష్టపోతున్న స్థితిని దృష్టిలో ఉంచుకుని, అవసరం మేరకు ప్రాణానికీ ఆస్తికీ బీమా చేయించుకునే వెసులుబాటును భారతదేశ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1990ల ఆరంభంలో ప్రకటించింది. చెల్లించినదానికి మించి వచ్చిన సొమ్మును పేదలకు ఇవ్వాలని చెప్పే ముఫ్తీలూ ఉన్నారు. కనుక మీ ఇంటి పరిస్థితిని మీరు నమ్మే ముఫ్తీ ఎదుట ఉంచి అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు.

రెండవ ప్రశ్న ప్రయోజనం గురించి. 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఇళ్ళకు ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే రకమైన పాలసీ ఉంది. అగ్నిప్రమాదం, పిడుగు, తుఫాను, వరద, భూకంపం, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు దీని పరిధిలోకి వస్తాయి. లెక్క కట్టేది ఇంటి నిర్మాణ వ్యయాన్ని బట్టి. స్థలం విలువ ఇందులో చేరదు. ఎందుకంటే వరద గోడను పడగొడుతుంది గాని, స్థలాన్ని ఎత్తుకుపోదు. ఇంటికి చేయించిన మొత్తంలో నూటికి ఇరవై వంతు, పది లక్షలకు మించకుండా, ఇంటిలోని సామగ్రికి కూడా రక్షణ ఉంటుంది. నగదుకూ, మామూలుగా బంగారానికీ ఇది వర్తించదు. అద్దె ఇంట్లో ఉన్నవారు తమ సామగ్రికి మాత్రమే చేయించుకోవచ్చు.

బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టినవారు ఒక కాగితం తీసి చూడండి. అప్పు ఇచ్చేటప్పుడు బీమా పేరిట సొమ్ము తీసుకుని ఉంటారు. అది ఇంటికి చేసిన బీమానా, లేక మీ ప్రాణానికి చేసిన బీమానా? చాలామందికి తెలియదు. బండి విషయమూ అంతే. చట్టం కోసం చేయించే థర్డ్ పార్టీ బీమా మీ బండి వరదలో మునిగితే పైసా ఇవ్వదు. బండికి చట్టం భయంతో బీమా ఉంది, ఇంటికి మాత్రం లేదు. మన భయాలు ఎవరు పెట్టినవో దీనిని బట్టి తెలుస్తోంది.

పాలసీ తీసుకునేవాడు నిజం చెప్పాలి. పెంకుటింటిని డాబా అని రాయించడం, పాత పగులును వరద పగులుగా చూపించడం మోసం. మోసంతో వచ్చిన సొమ్ము హరామ్. దానికి ఏ ఫత్వాలోనూ వెసులుబాటు లేదు. నీరు గుమ్మం తాకిన తరువాత తీసుకున్న పాలసీ ఆ నీటికి వర్తించదన్నదీ గుర్తుంచుకోండి. నిర్ణయానికి సమయం మబ్బు కనబడక ముందే.

అల్లాహ్ మనకు మేలుకొలుపును ప్రసాదించుగాక! ఇంతటితో మొదటి భాగం ముగిస్తూ, నాకూ మీకూ అల్లాహ్ క్షమాభిక్షను వేడుకుంటున్నాను.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌ను స్తుతించి, దైవప్రవక్త (సఅసం)పై దరూద్ పఠించిన తరువాత...

సోదరులారా! కొందరు ధర్మనిష్ఠతో, “నేను బీమా చేయించను” అంటారు. వారి నిష్ఠను గౌరవిస్తాను. అయితే వారిని ఒక్క ప్రశ్న అడుగుతాను. బీమా వద్దన్నారు సరే, దాని స్థానంలో ఏం చేశారు? పునాది ఎత్తు చేశారా? నెలకు కొంత పక్కన పెట్టారా? మొహల్లా బైతుల్‌మాల్‌లో వాటా వేశారా? ఏదీ చేయకపోతే, మనం వదిలిపెట్టింది బీమాను కాదు, బాధ్యతను.

తకాఫుల్ అనే మాట పుట్టక ముందే దాని ఆచరణ ఉంది. అష్అరీ తెగవారు ప్రయాణంలో గాని, ఊళ్ళో గాని ఆహారం తగ్గినప్పుడు, ఎవరి దగ్గర ఉన్నది వారు తెచ్చి ఒకే వస్త్రంలో పోసి సమానంగా పంచుకునేవారు. వారు తనవారని, తాను వారివాడినని దైవప్రవక్త (సఅసం) ప్రశంసించారు. అంతటి ప్రశంస వారికి దక్కింది వంతులు వేసుకున్నందుకు.

మన మధ్య రేకుల షెడ్డులో ఉండేవారున్నారు, తోపుడుబండి మీద పండ్లు అమ్ముకునేవారున్నారు, భర్త లేక బీడీల మీదా కుట్టు మీదా పిల్లలను పోషించే తల్లులున్నారు. వారికి పాలసీ గురించి చెప్పడం కంటే ముందు వారికి మనమే పాలసీ కావాలి. పోలవరం ముంపు వల్ల ఊరు వదిలి మన మండలానికి వచ్చి తాడువాయి కాలనీలో ఉంటున్న కుటుంబాలను అడగండి, ఇల్లు పోవడమంటే ఏమిటో వారు చెబుతారు.

నా సంగతి ఒకటి ఒప్పుకుంటాను. ఈ ప్రసంగం సిద్ధం చేసుకుంటూ మా ఇంటి దస్తావేజులు ఎక్కడున్నాయో వెతికాను. మంచం కింద, నేల మీద, రేకు పెట్టెలో ఉన్నాయి. ఇంట్లోకి నీరు వస్తే మొదట తడిసేవి అవే. మీకు చెప్పవలసిన నేనే ఆ స్థితిలో ఉన్నాను. ఆ రాత్రే వాటికి నకళ్ళు తీయించాలనీ, పెట్టెను పైకి చేర్చాలనీ నిశ్చయించుకుని, ఆ పని చేశాకే ఈ మింబర్ ఎక్కాను.

మీరు కూడా ఈ జుమా నుంచి వచ్చే జుమాకల్లా మూడు పనులు చేయండి. మొదటిది, దస్తావేజులు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఎత్తైన చోట, నీరు చొరని సంచిలో పెట్టండి. ఇంటినీ సామగ్రినీ ఫోనులో ఫోటోలు తీసి, వాటిని ఊరిబయట ఉన్న ఒక బంధువుకు పంపండి. రెండవది, బీమా చేయించాలా వద్దా అనేది భార్యతో కూర్చుని మాట్లాడి, ముఫ్తీని అడిగి తేల్చుకోండి. పది లక్షల ఇంటికి ఏడాదికి ఎంతవుతుందో కనుక్కుని, ఫోను రీచార్జికి ఏడాదిలో పెట్టే సొమ్ముతో పోల్చి చూడండి. ‘చేయించను’ అన్నది కూడా ఆలోచించి తీసుకున్న నిర్ణయమే కావాలి, మరుపు కాకూడదు. మూడవది, మన మస్జిద్ బైతుల్‌మాల్‌లో విపత్తుల కోసం ఒక ఖాతాను వేరుగా తెరవమని కమిటీ పెద్దలను ఈ సభాముఖంగా కోరుతున్నాను. తోచినంత వేయండి, ప్రతినెలా వేయండి. మతభేదం లేకుండా, మొదట మునిగిన పొరుగింటికి మొదట అందేలా చూడండి.

ఒంటెను కట్టినంత మాత్రాన అది పోదని హామీ లేదు. తాడు తెగవచ్చు. పాలసీ ఉన్నా, పునాది ఎత్తు ఉన్నా, అల్లాహ్ నిర్ణయించినది జరిగి తీరుతుంది. కట్టినవాడికీ కట్టనివాడికీ తేడా ఏమిటంటే, ఒంటె పోయిన రోజున కట్టినవాడు నిర్మలమైన మనస్సుతో సహనం వహించగలడు. అతని తవక్కుల్‌లో పశ్చాత్తాపం కలవదు.

ఓ అల్లాహ్! మా వర్షాలను శుభకరమైన వర్షాలుగా చేయి. మా చుట్టూ కురిపించు, మా మీద విరుచుకుపడనీయకు. మా ఇళ్ళనూ, ఇంటివారినీ, మా పొరుగువారినీ, ఈ ఊరి ప్రజలందరినీ కాపాడు. నీళ్ళలో ఇల్లు పోగొట్టుకున్న వారికి అంతకంటే మేలైనదాన్ని ప్రసాదించు. నీ మీద భారం వేసే ముందు మా చేతులతో చేయవలసినది చేసే బుద్ధిని మాకు ఇవ్వు. మా చూపును సరిదిద్దు. మబ్బును మబ్బుగా చూసే వివేకాన్ని ప్రసాదించు. ఆమీన్.